కాలువ చివరి చేను

మా పల్నాటి రైతుకు కాలువ నీళ్ల లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. మా వైపు వచ్చేది కుడికాలువ. జవహర్ కాలువ అని దానికి పేరు. నీళ్లు నిండుగా ఉన్న ఏడు ఏ గొడవా లేదు. తక్కువైన ఏడు వంతులు పెడతారు. ఎన్ని వంతులు పెట్టినా, కాలువ మొదట్లో ఉన్నవాడి చేను పచ్చగానే ఉంటుంది. చివరి వాడు మాత్రం అర్ధరాత్రివేళ బ్యాటరీలైటు పట్టుకుని గట్టుమీద కూర్చుని, తూములోకి చూస్తూ ఉంటాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే పంతులుకు ఈ నీళ్ల గొడవ ఎందుకంటారేమో, చెబుతాను. కాలం కూడా ఒక కాలువేనని, దాని చివర ఎవరి చేను ఉందో చూడకుండా నేనే ఒక తూము తెరిచానని నాకు ఈమధ్యనే తెలిసివచ్చింది.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగి. 1998లో అక్కడ సైబర్ టవర్స్ తెరిచిన తరవాత మా నరసరావుపేట, మాచర్ల, గురజాల పిల్లలు ఎంతమంది ఆ దారి పట్టారో లెక్కలేదు. ఒకప్పుడు ఇంటికొక ఉపాధ్యాయుడో గుమాస్తానో ఉన్నట్టు ఇప్పుడు ఇంటికొక సాఫ్టువేరు కుర్రాడు ఉన్నాడు. మావాడు బుద్ధిమంతుడు. నెమ్మదస్తుడు. వాడిలో ఉన్న లోపమల్లా ఒకటే: మావయ్య ఏదైనా అడిగితే కాదనలేడు.

నాకో పిచ్చి ఉంది. పదిహేనేళ్లుగా పల్నాటి మాటలు పోగుచేస్తున్నాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల్లో, మిరపకాయలు ఆరబోసిన కల్లాల్లో, నాపరాయి గనుల్లో, ఎవరి నోట ఏ కొత్త మాట విన్నా ఒక చీటీ మీద రాసుకుని ఇనప్పెట్టెలో వేసేవాణ్ణి. నాలుగువేల చీటీలు అయినాయి. చెదపురుగులు కూడా నాతోపాటు పరిశోధన మొదలుపెట్టిన లక్షణాలు కనిపించాయి. రెండేళ్ల కిందట సంక్రాంతికి మావాడు వచ్చినప్పుడు పెట్టె మూత తీసి చూపించాను.

"ఒరే అబ్బాయ్, ఇవన్నీ ఫోనులో వెతుక్కునేట్టు చెయ్యలేవూ?" అన్నాను.

"ఎంతపని మావయ్యా!" అన్నాడు వాడు.

ఆ మాట వాడు ఉత్సాహంతోనే అన్నాడు. ఆఫీసులో చేసేదంతా ఎవరో చెప్పిన పని. ఆ పనిలో వాడి వంతు ఒక పెద్ద యంత్రంలో చిన్న మర. ఇది మాత్రం మొదటి ఇటుక నుంచి చివరి ఇటుక దాకా తన చేత్తో కట్టుకునే ఇల్లు. ఆ వృత్తిలో ఉన్న ప్రతి కుర్రవాడికీ అలాంటి సొంత పని ఒకటి మనసులో ఉంటుందట. పెట్టె కారులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అక్కణ్ణుంచి నేను ప్రతి ఆదివారం ఫోను చెయ్యడం మొదలుపెట్టాను. "ఎంతదాకా వచ్చిందిరా?" అని అడిగేవాణ్ణి. ప్రేమతోనే అడుగుతున్నానని నా నమ్మకం. వాడి పై అధికారి కూడా బహుశా అలాగే అనుకుంటాడు.

వాడి దినచర్య నాకు తెలియదు. పగలు ఆఫీసు. రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్లతో మాటలు. అవి అయ్యాక ఏదో పరీక్షకు చదువు. ఆ వృత్తిలో అయిదేళ్ల కిందట నేర్చింది ఇవాళ పాతబడుతుందట. కొత్తది నేర్వకపోతే ఉద్యోగం పెరగదు సరికదా, ఉన్నది నిలవడమే కష్టం. ఇవన్నీ ముగిశాక రాత్రి పదకొండున్నరకు నా ఇనప్పెట్టె తెరిచేవాడట.

ఏడాది గడిచింది. ఆఫీసులో రావలసిన పెంపు వాడికి రాలేదు. అలిసిపోయినట్టు కనిపిస్తున్నాడని, పనిలో చురుకు తగ్గిందని రాశారట. ఈ సంగతి వాడు నాకు చెప్పలేదు. ఒక ఆదివారం ఫోను వాడి భార్య తీసింది. మాచర్ల దగ్గర రైతుబిడ్డ. మితభాషి.

"మావయ్యగారూ, ఆయన మూడు ఉద్యోగాలు చేస్తున్నారండీ. జీతం ఒకదానికే వస్తోంది. నాలుగో ఉద్యోగం ఇల్లు. అది నేనొక్కదాన్నే చేస్తున్నాను," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండును. నేనూ నాలుగు మాటలు అని తప్పించుకునేవాణ్ణి.

ఆ తరవాత శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకని ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. ఊరంతా ప్రభల హడావిడి. మావాడు మేడమీద గదిలో తలుపు వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వాడి కూతురికి అయిదేళ్లు. ఆ పిల్ల వంటింట్లో మా ఇంటావిడతో గుసగుసగా మాట్లాడుతోంది. మంచినీళ్లు కావాలన్నా గుసగుసే.

"ఎందుకమ్మా అంత మెల్లిగా మాట్లాడతావు?" అన్నాను.

"నాన్న కాల్‌లో ఉన్నాడేమోనని," అంది.

వాళ్ల నాన్న అప్పటికి కిందికి దిగివచ్చి, వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిల్లకు గుసగుస అలవాటైపోయింది! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. వాడి సొంత పని కాలువ చివరి చేను అని, దానికి నీళ్లు అందించడానికి నేను పాటుపడుతున్నానని అనుకుంటూ వచ్చాను. చివరి చేను అది కాదు. ఆ పిల్ల.

పంతుళ్లకు చిక్కువస్తే పుస్తకాలలో వెతుక్కుంటారు. ఉద్యోగం చేసుకుంటూ మనసుకు నచ్చిన పని పెట్టుకున్నవాళ్లు లోగడ ఏం చేశారని ఆలోచించాను.

మొదట జ్ఞాపకం వచ్చినవాడు సి. పి. బ్రౌన్. ఆయన జీతం ఈస్టిండియా కంపెనీది; జీవితం తెలుగుది. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. కడపలో సొంత బంగళాలో పండితులను పెట్టుకుని, సొంత డబ్బిచ్చి తాళపత్రాలను సరిచూపించాడు. ఆయన నిఘంటువు 1852లో వెలువడింది. తెలుగు ఎం.ఏ. చదివిన మేమంతా ఆయన ఉప్పు తిన్నవాళ్లమే. ఆ పనికోసం ఆయన అప్పులపాలయ్యాడన్న సంగతి మాత్రం మేము పిల్లలకు గర్వంగా చెబుతాం. ఇన్నేళ్లలో ఒక్కసారైనా దాన్ని విచారంగా చెప్పానా అని ఆ రాత్రి అనుమానం వచ్చింది.

రెండోవారు మావారే. 1895లో వినుకొండలో పుట్టిన జాషువాగారు. బతుకుతెరువుకు ఆయన చేయని పని లేదు. మాటలు రాని మూగ సినిమాలకు పక్కన నిలబడి కథ చదివి వినిపించారు; పంతులుగా పనిచేశారు; ముసలితనంలో మద్రాసు రేడియోలో ఉద్యోగం చేశారు. ఈ ఉద్యోగాల నడుమనే 1941లో "గబ్బిలం" వచ్చింది. తీరిక దొరికాక రాద్దామని కూర్చుంటే ఆ కావ్యం మనకు దక్కేది కాదు.

ఇక కంప్యూటరులో తెలుగు కనిపిస్తున్నదంటే అదీ ఇలాంటివాళ్ల చలవే. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో రైస్ విశ్వవిద్యాలయం ఉంది. రైస్ అంటే అన్నం కాదులెండి, ఆ విశ్వవిద్యాలయం పెట్టినాయన ఇంటిపేరు. అక్కడ చదువుకుంటున్న కన్నెగంటి రామారావుగారు, ఆనంద కిశోర్‌గారు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి ఒకటి ఏర్పాటుచేశారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానికి పునాది వేసిన వెన్న నాగార్జునగారే పాత తెలుగు ఫాంట్లలో ఉన్నదాన్ని యూనికోడులోకి మార్చే "పద్మ" అనే ఉపకరణాన్ని తయారుచేశారు. 2006లో వీవెన్‌గారు "లేఖిని" పెట్టారు. దాని పుణ్యమా అని నాలాంటి మొద్దువేళ్లవాడు కూడా తెలుగు టైపు చెయ్యగలిగాడు. వీటిలో ఏదీ కంపెనీలు జీతమిచ్చి చేయించిన పని కాదు. ఒకరు చేసినదాన్ని మరొకరు అందుకుని ముందుకు నడిపారు. ఒక్కడే నెత్తిన వేసుకుని మొయ్యలేదు. ఈ చివరి మాట నాకు ఆ రాత్రి పెద్ద మాటలా తోచింది.

ఈ మాట మావాడితో అంటే వాడు రెండు సంగతులు చెప్పాడు. మొదటిది: 1989లో క్రిస్మసు సెలవుల్లో తోచక, గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు సరదాకు మొదలుపెట్టిన పనే "పైథాన్" అనే కంప్యూటరు భాష. ఇవాళ లోకమంతా దాన్నే నేర్చుకుంటున్నది. మావాడి తోటివాళ్లందరికీ ఈ కథ కంఠస్థం. రెండోది ఎక్కువమంది చెప్పుకోరట. "ఎక్స్‌జెడ్" అని ఒక చిన్న ఉపకరణం ఉంది. లెక్కలేనన్ని కంప్యూటర్లలో అది పనిచేస్తున్నది. దాన్ని ఏళ్లతరబడి చాలావరకు ఒక్క మనిషే, జీతంబత్తెం లేకుండా, తీరిక వేళల్లో చూసుకుంటూ వచ్చాడు. అతను అలిసిపోయాడు. 2022లో ఆ మాట పైకే చెప్పుకున్నాడు. సాయం చేస్తానని వచ్చినవాడొకడు మెల్లిగా నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. ఆ మార్చి నెలలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, తన కంప్యూటరు అరసెకను ఆలస్యం చేస్తున్నదేమిటా అని ఆరాతీయబట్టి ఆ దొంగదారి బయటపడింది. లేకుంటే ఎన్ని కొంపలు మునిగేవో!

"అంటే ఏమిట్రా?" అన్నాను.

"అలిసిపోయినవాడి ఇంటికి తలుపు ఉండదు మావయ్యా," అన్నాడు. ఆ మాట వాడు తన గురించే అన్నాడని మా ఇద్దరికీ తెలుసు.

ఎక్కువ గంటలు పనిచెయ్యాలా వద్దా అన్న వాదం ఈమధ్య బాగా జరిగింది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరైన నారాయణమూర్తిగారు యువకులు వారానికి డెబ్బై గంటలు పనిచెయ్యాలన్నారు. ఆయన అలాగే కష్టపడి పైకి వచ్చారు, కాదనలేం. కాని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒక లెక్క ప్రకటించాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికన్నా పక్షవాతం ప్రమాదం సుమారు 35 శాతం ఎక్కువ. గుండెజబ్బుతో పోయే ప్రమాదం 17 శాతం ఎక్కువ. మరి ఆఫీసు గంటలకు చదువు గంటలు, వాటికి మావయ్య గంటలు కూడా కలిపితే? శరీరానికి ఇది ఆఫీసు పని, ఇది సొంత పని అనే భేదం తెలియదు కదా.

మర్నాడు ఉదయం కాఫీ తాగి, నేనూ వాడూ వాడి భార్యా కాగితం కలం పెట్టుకుని కూర్చున్నాం. వారానికి 168 గంటలు. ఇందులో ధనవంతుడికీ ఎక్కువ లేదు, పేదవాడికీ తక్కువ లేదు. మావాడి పాత లెక్క ఇది: ఆఫీసు, ప్రయాణం కలిపి 70. పరీక్ష చదువు 10. నా చీటీలు 15. భోజనం, స్నానం వగైరాలు 21. నిద్ర రోజుకు అయిదు గంటల చొప్పున 35. కూడితే 151. భార్యకూ, పిల్లకూ, అమ్మానాన్నలకూ, బజారుకూ, ఒంట్లో నలతకూ అన్నిటికీ కలిపి మిగిలింది 17. అంకెలు కళ్లబడితే గాని మనిషికి సిగ్గు రాదు.

ఆ కాగితం మీదే కొత్త వంతులు వేసుకున్నాం. ముందు నిద్ర 49 రాశాం. తరవాత ఇంటికి 30 రాశాం. చివరి చేనుకు ముందు నీళ్లు పెట్టి అక్కడినుంచి వెనక్కు రావాలన్నది మావాడి భార్య చెప్పిన పద్ధతి. వాళ్ల నాన్న పొలం కాలువ చివరే. వగైరాలకు ఆ 21 తప్పదు. మిగిలిన 68 గంటల్లో ఆఫీసుకు, ప్రయాణానికి 60. వారానికి రెండు రోజులు ఇంటినుంచే పనిచేసే వీలుంది కనుక ప్రయాణం తగ్గుతుంది. ఆఫీసులో కూడా, అందరికీ "సరే" అనడం మాని, రాత్రి మాటలు వారంలో మూడు రోజులకు కుదించమని అడగాలి. ఇక చదువుకు అయిదు. సొంత పనికి మూడు.

"మూడు గంటలకు ఏమవుతుందిరా?" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ మూడింటికీ కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. రాత్రిపూట ఆ పని ముట్టుకోకూడదు. వారానికి రెండు పొద్దుల్లో, పిల్ల లేవకముందు, గంటన్నర చొప్పున చెయ్యాలి. అలిసిన మనిషి రాత్రి మూడు గంటల్లో చేసేది తెల్లవారుజామున గంటన్నరలో అవుతుందని వాడే ఒప్పుకున్నాడు. నాలుగువేల చీటీల మాట మరిచిపోవాలి. మొదట అయిదువందలు. అవి పూర్తి అయితే ఆ తరవాత చూద్దాం.

రెండోది, చదువును, సొంత పనిని వేరువేరు దిక్కులకు లాగనివ్వకూడదు. వాడు పరీక్షకు నేర్చుకునేది పెద్ద పెద్ద జాబితాల్లో కావలసింది చిటికెలో వెతికే విద్య. నా చీటీలకు కావలసిందీ అదే. పుస్తకంలో చదివినదాన్ని చీటీల మీద ప్రయోగించి చూస్తే, ఒక నీటితడితో రెండు పైర్లు. పై ఏడు ఆఫీసులో "కొత్తగా ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే చూపించడానికి ఒక వస్తువూ ఉంటుంది.

మూడోది చట్టం మాట. ఇది చాలామంది పిల్లలకు తెలియదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా సృష్టించినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాములు కూడా ఈ చట్టం కిందికి వచ్చాయి. పైగా ఉద్యోగపు కాగితాల్లో ఇంకా గట్టి షరతులు ఉండవచ్చు. కనుక ఆఫీసు కంప్యూటరు మీద, ఆఫీసు వేళల్లో సొంత పని చెయ్యకూడదు. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితం మళ్లీ చదువుకోవాలి. అనుమానం ఉంటే అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మావాడు అడిగాడు. వారం రోజుల్లో ఒప్పుకుంటూ జవాబు వచ్చింది. ఏడాదిపాటు దొంగతనంగా చేస్తున్నట్టు భయపడినది దీనికా అని వాడు తనను తానే తిట్టుకున్నాడు.

నాలుగో కట్టుబాటు నాకు. ఆదివారం ఫోను చేస్తే పిల్లతో మాట్లాడాలి. చీటీల ఊసెత్తకూడదు. చీటీలు టైపు చేసే పని మా కళాశాల పిల్లలది. కష్టమంతా ఒక్కడి నెత్తిన పెట్టి, కీర్తి మాత్రం పల్నాటిదని చెప్పుకోవడం నాకే బాగాలేదు. పిల్లలు పదిమంది ముందుకు వచ్చారు. వాళ్లకూ తెలుగు టైపు వచ్చింది.

దీంతో అంతా సుఖాంతమైందని చెబితే మీరు నమ్మరు. నమ్మకండి. రాత్రి మాటలు మూడు రోజులకు తగ్గించమంటే నాలుగుకు తగ్గించారు. ఏదైనా పని తగలబడితే ఆ వారం లెక్కలన్నీ తారుమారు. ఉద్యోగంలో పెంపు ఇంకా రాలేదు. వాడితోపాటు చేరినవాడు ఒక మెట్టు పైకి వెళ్లాడు. మావాడికి ఆ బాధ లేదంటే అబద్ధం. "ఒకవేళ రెండేళ్లపాటు ఉద్యోగమే ముఖ్యమనుకుంటే చీటీలు పక్కన పెడతాను మావయ్యా, ఏమనుకోవద్దు," అన్నాడొకసారి. అనుకోనన్నాను. ఈసారి నిజంగానే అనుకోలేదు. ఏడాదికొక పంట వేసే భూమి చెడిపోదు. తెరిపి లేకుండా పిండిన భూమే చెడిపోతుంది.

మొన్న దసరాకు వచ్చారు. అయిదువందలలో మూడువందల మాటలు ఫోనులో కనిపిస్తున్నాయి. నేను మురిసిపోతూ ఒక్కొక్కటే నొక్కి చూస్తుంటే మావాడి భార్య వెనకనుంచి వంగి చూసింది.

"మావయ్యగారూ, 'తాలు' తప్పు రాశారు," అంది.

"గింజ లేని వడ్లు కాదుటమ్మా?"

"వరిలో అంతే. మిరపలో అది కాదు. రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు. కల్లంలో వేరేసి, తక్కువ ధరకు అమ్ముతారు. మా నాన్ననడగండి."

పదిహేనేళ్లు కల్లాల వెంట తిరిగి నేను రాసుకోలేకపోయిన అర్థం అది! ఆ మనిషి రెండేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంది. చీటీల పెట్టె ఆ ఇంట్లోనే ఉంది. ఆమెను అడగాలని మా ఇద్దరికీ తోచలేదు. తోచినా, అప్పుడు ఆమెకు ఓపిక ఉండేదీ కాదు.

"తాలు" అర్థం మావాడు అక్కడే దిద్దాడు. వీధిలోనుంచి పిల్ల, "నాన్నా, రా! ఎంతసేపూ!" అని గట్టిగా కేకవేసింది. వాడు ఫోను నా చేతిలో పెట్టి లేచి వెళ్లాడు.